తొమ్మిదో అంతస్తులో ఫిలాసఫీ

ఇకనుంచి రాష్ట్రం ఆలోచిస్తుందని మంత్రి లింగమూర్తిగారు హైటెక్ సిటీలో ప్రకటించారు. అప్పటిదాకా రాష్ట్రం ఏం చేస్తున్నదని అడిగేవాళ్లెవరూ సభలో లేకపోవడం వల్ల చప్పట్లు చాలాసేపు మోగాయి.

మంత్రిగారికి ఈ మహత్తర సంకల్పం కలగడానికి కారణం ఆయన అంతకు ముందే చేసి వచ్చిన విదేశీ పర్యటన. అక్కడ ఒక పెద్ద కంపెనీ అధిపతితో కలిసి భోంచేస్తుండగా, ఆయన కాలేజీలో చదివింది ఫిలాసఫీ అని తెలిసింది. మంత్రిగారు చెంచా కింద పెట్టేశారు. తిరుగు విమానంలో నిద్ర కూడా పోలేదట.

"మన పిల్లలు నాలుగేండ్లు కోడింగ్ చదివి, పొద్దుందాక కోడ్ రాసి, ఆయన కింద పని చేస్తున్నరు. ఆయన ఒక్క లైను కూడ రాయడు. పైన కూసున్నడు. గా ఒక్క లైను రాయని చదువు మనకు కావాలె," అని ఆయన సభలో అన్నప్పుడు ముందు వరసలోని సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇంత చిన్న విషయం తమకెందుకు తట్టలేదా అని వాళ్ల బాధ.

ఆ విధంగా బి.ఏ., ఎం.ఏ. రెండూ కలిపి అయిదేళ్లలో పూర్తయ్యే ఇంటిగ్రేటెడ్ ఫిలాసఫీ కోర్సు పుట్టింది. ఆలోచనకు పార్కింగ్ ముఖ్యం కనుక ఒక అద్దాల టవర్లో తొమ్మిదో అంతస్తు తీసుకుని 'థింక్ హబ్' అని పేరు పెట్టారు. లోగో వచ్చింది. యాప్ వచ్చింది. ఫ్లైఓవర్ల స్తంభాల మీద, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని ఆలోచిస్తున్న మంత్రిగారి ఫ్లెక్సీలు వచ్చాయి. ఆయన అంత లోతుగా ఆలోచిస్తుండటం చూసి ట్రాఫిక్‌లో ఇరుక్కున్న జనం కూడా ఆలోచనలో పడ్డారు. ఆ సమయంలో వాళ్లకు వేరే పని కూడా లేదు.

ఆ ఫ్లెక్సీ చూసి నిజంగా కోర్సులో చేరాలనుకున్న అమ్మాయి రసజ్ఞ.

రసజ్ఞ వాళ్లది మణికొండ. తండ్రి వెంకటరామయ్యగారు తణుకు వైపు నుంచి వచ్చి ఇక్కడ ఒక ప్రభుత్వ కార్యాలయంలో సూపరింటెండెంటుగా స్థిరపడ్డారు. తల్లి జయలక్ష్మిగారు అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపుకు అడ్మిన్. నిజాంపేట హాస్టల్లో ఉండి ఇంటర్ చదివే రోజుల్లో రసజ్ఞ లెక్కల సారుని, "సున్నా అంటే ఏమీ లేకపోవడం కదా సార్, లేనిదానికి మళ్లీ గుర్తెందుకు?" అని అడిగింది. ఆయన ఆమెను క్లాసు బయట నిలబెట్టారు. వరండాలో నిలబడి ఆ ప్రశ్ననే అటూ ఇటూ తిప్పి చూసుకుంటుంటే, ఆమెకు జీవితంలో మొదటిసారి చదువు మీద ప్రేమ పుట్టింది. ఇలా బయట నిలబడి చదివే చదువేదైనా ఉంటే బాగుండుననుకుంది. ఖర్మ కాలి ఎంట్రన్సులో మంచి ర్యాంకు వచ్చింది. దాంతో ఇంట్లో గొడవ ఇంకా పెద్దదైంది.

"ఈ ర్యాంకుకి సీఎస్ఈ వస్తుందే! కళ్లకద్దుకుని చేరాలి గానీ ఫిలాసఫీ ఏంటి?" అన్నారు వెంకటరామయ్యగారు. "అది రిటైరయ్యాక తీరిగ్గా చదువుకునేది."

"అయితే రిటైరయ్యాక మీరు చదువుతారా నాన్నా?"

"నేనెందుకు చదువుతాను? నాకేం పట్టింది?"

జయలక్ష్మిగారు మధ్యేమార్గం కనిపెట్టారు. ఎవరడిగినా "మా అమ్మాయి ఇంటిగ్రేటెడ్ చేస్తోందండి" అని చెప్పి అక్కడితో ఆపేసేవారు. ఆ మాటలోని బరువుకి అడిగినవాళ్లు కూడా అక్కడితో ఆగిపోయేవారు.

చివరికి వెంకటరామయ్యగారు ఒక షరతు పెట్టారు. దసరాలోగా ఆ కాలేజీలో పాఠం చెప్పే మనిషి కనబడాలి. కనబడకపోతే నిజాంపేటలో ఆయన మాట్లాడి ఉంచిన ఇంజనీరింగ్ సీట్లో నోరెత్తకుండా చేరిపోవాలి. రసజ్ఞ వెంటనే ఒప్పేసుకుంది. కాలేజీ అన్నాక పాఠం చెప్పే మనిషి లేకపోవడం ఎలా సాధ్యమో ఆమెకు తెలియదు. సర్వీసంతా ప్రభుత్వంలోనే గడిపిన వెంకటరామయ్యగారికి తెలుసు.

మొదటిరోజు తొమ్మిదో అంతస్తులో లిఫ్ట్ తలుపు తెరుచుకోగానే ఒకాయన ఆమె చేతిలో పూలగుత్తి పెట్టి ఫోటో తీయించాడు. ఆయన పేరు వినయ్, ఊరు ప్రొద్దుటూరు, పదవి ప్లేస్‌మెంట్ ఆఫీసర్. అంతకు ముందు ఊరి బయట వెంచర్లలో ప్లాట్లు అమ్మేవాడు. రాళ్లగుట్ట చూపించి, అదుగో స్విమ్మింగ్ పూల్ అంటే జనం తువ్వాళ్ల కోసం వెతుక్కునేవారట. లేనిదాన్ని ఉన్నట్టు చూపగల ఆ ప్రతిభను గుర్తించే ప్రభుత్వం ఆయన్ను ఫిలాసఫీకి తెచ్చుకుంది.

"మిగతా స్టూడెంట్స్ ఏరండీ?" అంది రసజ్ఞ.

"శానామందే చేరినారు పాపా. రెండో కౌన్సెలింగ్‌లో అందరూ సీఎస్ఈకి జారిపోయినారు. నువ్వొక్కదానివే నిలబడినావు. ఫస్ట్ ర్యాంక్ నీదే, అనుమానమే లేదు."

"లెక్చరర్ గారు?"

"వస్తాడులే. ముందు ప్లేస్‌మెంట్ సంగతి చూడల్ల గదా. ప్యాకేజీ ఎంత ఎక్స్‌పెక్ట్ చేస్తాండావు?"

"ఇంకా మొదటి క్లాసు కూడా అవలేదండీ."

"అదే చెప్తాండా. క్లాసులు మొదలైతే ఇట్లాంటివాటికి టైముండదు."

కోర్సుకు ప్రత్యేకాధికారి రవికిరణ్‌గారు. ప్రభుత్వంలో ఆయనంత వేగంగా పనిచేసే అధికారి లేరని పేరు. లెక్చరర్ కావాలని రసజ్ఞ ఆయన్ను అడిగింది. వారం తిరక్కుండా గోడంత స్మార్ట్ బోర్డు వచ్చింది. మళ్లీ అడిగింది. గుడ్డు ఆకారంలో ఉన్న కుర్చీలు వచ్చాయి, అందులో ముడుచుకుని కూర్చుంటే ఆలోచనలు వస్తాయట. ఇంకోసారి అడిగింది. డ్రోన్ వచ్చింది. తొమ్మిదో అంతస్తులో డ్రోన్ ఎందుకో ఎవరికీ తెలియకపోయినా, ఫిలాసఫీ కోర్సుకు డ్రోన్ ఉన్న రాష్ట్రం దేశంలో మనదొక్కటేనని పత్రికా ప్రకటన వెలువడింది. మొత్తానికి ఆమె ఏ విన్నపాన్నీ ప్రభుత్వం పెడచెవిన పెట్టలేదు.

"సార్, ఇవన్నీ బాగున్నాయి. నేనడిగింది మనిషిని," అంది రసజ్ఞ.

"చూడమ్మా," అన్నారు రవికిరణ్‌గారు ఎంతో ఓపికగా. "మనిషంటే పోస్టు. పోస్టంటే ఫైనాన్స్ వాళ్ల దగ్గరికి వెళ్లాలి. వస్తువంటే టెండరు. టెండరు తొందరగా అయిపోతుంది. నీకు ఇంకేదైనా వస్తువు కావాలంటే చెప్పు, మొహమాటపడకు."

అయినా రసజ్ఞ రోజూ వెళ్లి ఆయన గది ముందు కూర్చోవడం మానలేదు. పట్టు వదలని ఆ పిల్లను తప్పించుకోలేక ఒకనాడు ఇంటర్వ్యూలు పెట్టారు. వచ్చింది ఒకే ఒక్కాయన. పేరు ఆంజనేయులు. ధర్మవరంలో డిగ్రీ పిల్లలకు ఫిలాసఫీ చెప్పి రిటైరై, ఇప్పుడు మణికొండలో కూతురు శ్రావణి దగ్గర ఉంటున్నారు. చొక్కా చెమటతో తడిసి ఉంది. ఒక పాఠం చెప్పి చూపించమంటే, అక్కడున్న ఒకే ఒక్క విద్యార్థి వైపు తిరిగారు.

"ఏమ్మా, మనమిప్పుడు యాడ ఉన్నాం?"

"తొమ్మిదో అంతస్తులో సార్."

"ఎట్ల తెలుసు?"

"లిఫ్ట్‌లో తొమ్మిది నొక్కాను సార్."

"నొక్కితే తొమ్మిదైపోతుందా? నాకు లిఫ్టు కార్డు ఇయ్యలే, మెట్లెక్కి వచ్చినా. కింద మూడంతస్తుల పార్కింగ్ ఉండాది. నా లెక్కకు ఇది పన్నెండు."

"అయితే ఇది పన్నెండో అంతస్తా సార్?"

"నేనట్లా అన్లేదే! నువ్వు లిఫ్టును నమ్మినావు, నేను నా కాళ్లను నమ్మినా. ఇద్దరిలో ఎవరి నమ్మకం నిజమో ఎట్ల తేలుస్తావు?"

రసజ్ఞ ఏదో అంది, ఆయన దాన్ని తిరగేసి మళ్లీ ఆమె చేతికే ఇచ్చారు. మధ్యాహ్నం భోజనం సంగతి ఇద్దరికీ గుర్తు రాలేదు. రవికిరణ్‌గారు కూడా పెన్ను కింద పెట్టి, కిటికీ దగ్గరికెళ్లి, కిందికి వంగి అంతస్తులు లెక్కపెట్టసాగారు. వినయ్ ఒక్కడే కంగారు పడ్డాడు.

"సార్, సార్, బ్రోచర్లో నైన్ అని ప్రింటైపోయింది," అన్నాడు.

అంతటితో పాఠం ముగిసింది. రవికిరణ్‌గారు తిరిగి వచ్చి కుర్చీలో కూర్చుని, ఆంజనేయులు సర్టిఫికెట్లు తిరగేసి, బాధగా తల ఊపారు.

"బి.ఏ. ఉంది, ఎం.ఏ. ఉంది, డాక్టరేట్ కూడా ఉందండి. కానీ వేర్వేరుగా ఉన్నాయి. మధ్యలో గ్యాప్ వచ్చింది."

"అది ఎండాకాలం సెలవులు నాయనా."

"ఆ సెలవుల్లో ఏం చేశారండి?"

"మామిడికాయలు తిన్నా."

"చూశారా! అదే ఇంటిగ్రేటెడ్ అయితే ఆ సమస్య ఉండదు. జీవోలో స్పష్టంగా ఉందండి. మన కోర్సును మన కోర్సు చదివినవాళ్లే చెప్పాలి. మంత్రిగారి స్వావలంబన విధానం."

రసజ్ఞ ఉండబట్టలేకపోయింది. "కోర్సు ఇప్పుడే కదా సార్ మొదలైంది, చదివినవాళ్లు ఎక్కడుంటారు?"

"ఇప్పుడుండరమ్మా. అయిదేళ్లాగితే ఉంటారు."

"చెప్పేవాళ్లు లేకుండా ఈ అయిదేళ్లూ ఎలా చదవాలి?"

"అది ఈ జీవో పరిధిలోకి రాదు."

ఆంజనేయులు పెద్దగా నవ్వారు. "మంచి ప్రశ్న అడిగినావు పాపా. దీనికి నాకూ జవాబు తెల్దు," అని సర్టిఫికెట్లు సంచిలో పెట్టుకుని మెట్ల వైపు వెళ్లిపోయారు. రసజ్ఞకు ఏడుపొచ్చింది. వరండాలో ఒంటరిగా నిలబడి తను వెతుక్కున్నది ఆ ఒక్క పూటలో దొరికి, ఆ పూటే చెయ్యి జారిపోయింది. ఇక చదివితే ఆయన దగ్గరే చదవాలని ఆమెకు తేలిపోయింది. దసరా దగ్గర పడుతున్నదనీ తెలుసు.

సరిగ్గా అప్పుడే మంత్రిగారు కోర్సు ప్రగతిని సమీక్షించడానికి వస్తున్నారని కబురొచ్చింది. హాలు నిండాలి. వినయ్ చుట్టుపక్కల కంపెనీలకు ఫోన్లు చేసి, ప్రాజెక్టు లేక ఖాళీగా బెంచి మీద ఉన్న ఉద్యోగులందరినీ రప్పించాడు. ఖాళీగా కూర్చోవడంలో వాళ్లకున్న అనుభవం హాలుకు ఎంతో నిండుదనం తెచ్చింది. వెంకటరామయ్యగారు, జయలక్ష్మిగారు కూడా వచ్చి చివరి వరసలో కూర్చున్నారు. సభ కాగానే కూతురిని అటునుంచి అటే నిజాంపేట తీసుకెళ్లి చేర్పించే ఏర్పాటుతో వచ్చారు.

మంత్రిగారు స్మార్ట్ బోర్డు చూశారు. గుడ్డు కుర్చీలో కూర్చుని లేచారు. డ్రోన్‌కు నమస్కారం పెట్టారు, అది ఫోటో తీస్తోంది మరి.

"అన్ని మంచిగున్నయి. ప్లేస్‌మెంట్ ఎంత?" అన్నారు.

వినయ్ చొక్కా కాలరు సర్దుకున్నాడు. "ప్రస్తుతానికి జీరో సార్. అయితే ఫిలాసఫీలో జీరోకు శానా పెద్ద స్థానం ఉండాది సార్."

రసజ్ఞ లేచి నిలబడింది. "సార్, నాకు ప్లేస్‌మెంట్ వద్దు. పాఠం చెప్పేవాళ్లు కావాలి. ఆంజనేయులుగారని ఉన్నారు, ఆయన్ను వెయ్యండి సార్, చాలు."

"గంతేనా బిడ్డా? రవికిరణ్, గా సారుకు జర ఆర్డరియ్యి. ఏంది అడ్డం?"

"మీ జీవో సార్. మన కోర్సు చదివినవాళ్లే చెప్పాలని."

మంత్రిగారు తల పంకించారు. తన విధానం ఇంత కచ్చితంగా అమలవుతున్నందుకు ఆయన కళ్లు చెమర్చాయి. "జీవో తప్పద్దు. ఇగ మన కోర్సును రాష్ట్రంల అందరికంటే ఎక్కువ చదివిందెవరు?"

"ఈ అమ్మాయే సార్. మిగతావాళ్లెవరూ ఒక్కరోజు కూడా చదవలేదు."

"మరింకేంది పరేషాన్? బిడ్డకే ఇయ్యి ఉద్యోగం!"

"అమ్మాయి ఇంకా పూర్తి చేయలేదు సార్."

"చేస్తది. చెప్పుకుంట చేస్తది. ఇంటిగ్రేటెడ్ అంటే గదే గదా! చెప్పేటోళ్లు ఒకలు, ఇనేటోళ్లు ఒకలు, ఇద్దరెందుకు దండుగ?"

"సార్, నాకు పాఠం చెప్పడం రాదు సార్!" అంది రసజ్ఞ కంగారుగా.

"చూసిన్రా ఆ వినయం? లెక్చరర్లకు గిదే కావాలె," అని మంత్రిగారు ఆమె తలమీద చెయ్యి పెట్టారు.

వినయ్ ఒక్క గెంతులో మైకు అందుకుని, కోర్సు మొదలైన ఏడాదే, పరీక్షలన్నా జరగకముందే, నూరు శాతం ప్లేస్‌మెంట్ సాధించామని ప్రకటించాడు. బెంచి ఉద్యోగులు లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. వాళ్లలో కొందరు ఏడ్చారు కూడా, ప్లేస్‌మెంట్ అనే మాట విని చాలాకాలమైంది.

వెంకటరామయ్యగారు వెనకనుంచి జనాన్ని తోసుకుంటూ వేదిక ఎక్కేశారు. "గవర్నమెంటా? కాంట్రాక్టా, రెగ్యులరా అండి?"

"రెగ్యులరేనండి," అన్నారు రవికిరణ్‌గారు.

"ఫిలాసఫీ అన్నది మా ఇంట్లో మొదట్నుంచీ ఉందండి," అన్నారు వెంకటరామయ్యగారు గద్గదంగా. "మా తాతగారు గంటల తరబడి ఎవరితోనూ మాట్లాడేవారు కాదు. నేనే దీన్ని పట్టుబట్టి చేర్పించాను." జయలక్ష్మిగారు అప్పటికే వాట్సాప్ గ్రూపులో ఫోటో పెట్టేశారు. ఇంటిగ్రేటెడ్ తర్వాత ఫిలాసఫీ అనే మాట ఆవిడ మొట్టమొదటిసారి రాసింది అప్పుడే.

ఉద్యోగంలో చేరిన రోజు రసజ్ఞ వెళ్లేసరికి రవికిరణ్‌గారు లేచి నిలబడ్డారు. "రండి మేడమ్. ఒక చిన్న ఇబ్బందండి. ఒకే మనిషి హాజరు రెండుచోట్ల పడితే ఆడిట్ ఒప్పుకోదు. అందుకని మిమ్మల్ని లెక్చరర్‌గా ఉంచి, స్టూడెంట్‌గా తీసేశాం. ఇప్పుడు కోర్సులో విద్యార్థులు లేరు. ఈ నెలలో ఎవరూ చేరకపోతే మూసేయాలండి."

ఇల్లంతా పండగ చేసుకుంటుంటే రసజ్ఞకు మాత్రం అన్నం సహించలేదు. ఉద్యోగం వచ్చింది, చదువు పోయింది. నాలుగు రోజులు కొట్టుమిట్టాడి, ఒకనాటి పొద్దున్నే ఖాజాగూడ చెరువు దగ్గరికి వెళ్లింది. ఆంజనేయులు అక్కడికి వాకింగ్‌కు వస్తారని, ఇల్లు వెతుక్కుని వెళ్తే ఆయన కూతురు శ్రావణి చెప్పింది. ఆయన ఒక బండరాయి మీద కూర్చుని మోకాళ్లు రుద్దుకుంటున్నారు.

"సార్, మీరు మా కోర్సులో చేరండి."

"నన్ను వద్దన్నారు గదమ్మా."

"లెక్చరర్‌గా వద్దన్నారు సార్. స్టూడెంట్‌గా చేరండి. ఫస్టియర్. వయసు సంగతి జీవోలో రాయడం మర్చిపోయారు. ఇంటర్ సర్టిఫికెట్ ఉంటే చాలు."

ఆంజనేయులు చెరువులో కొంగలు లేచిపోయేలా నవ్వారు. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకున్నారు. "అయిదేండ్లు చదివితే నాకు అర్హత వస్తాది గదా?"

"వస్తుంది సార్. మధ్యలో గ్యాప్ కూడా ఉండదు."

"రిటైరైనప్పటి నుంచి ఇంట్లో నన్నెవరూ ఏమీ అడగలే పాపా, ఓటీపీ తప్ప," అన్నారు ఆంజనేయులు లేస్తూ. "పద, ఇంటర్ సర్టిఫికెట్ యాడ పెట్టినానో వెతుకుదాం."

ఈసారి ఆయనకు లిఫ్టు కార్డు ఇచ్చారు, విద్యార్థి కనుక. మొదటి క్లాసులో రసజ్ఞ హాజరు పిలిచింది.

"ఆంజనేయులు... గారు."

"ప్రెజెంట్ మేడమ్."

"సార్, మీరు నన్ను మేడమ్ అనకండి, నాకు సిగ్గుగా ఉంది."

"క్లాసులో స్టూడెంట్‌ను సార్ అనగూడదు మేడమ్. అది సరే, నాకొక డౌటు."

ఆ డౌటు మధ్యాహ్నం దాకా సాగింది. రసజ్ఞ బోర్డు దగ్గర నిలబడి గబగబా నోట్సు రాసుకుంది. మర్నాడు ఆయనకు ఇంకో డౌటు వచ్చింది. ఒక్కోసారి ఆ డౌటును తిప్పి ఆమెనే అడిగేవారు, ఆమె చెప్పలేక తంటాలు పడుతుంటే గుడ్డు కుర్చీలోంచి మెడ బయటికి పెట్టి, "తొందరేం లేదు మేడమ్, బాగా ఆలోచించండి" అనేవారు. దసరా వచ్చి వెళ్లిపోయింది. రసజ్ఞ రోజూ పరిగెత్తుకుంటూ కాలేజీకి వెళ్లేది. ఇంత సంతోషం తనకు రాసిపెట్టి ఉందని ఆమె ఎన్నడూ అనుకోలేదు.

ఈ విజయగాథ ఆనోటా ఈనోటా మంత్రిగారి చెవిన పడింది. ఒక విద్యార్థికి ఒక లెక్చరర్ ఉన్న కోర్సు ప్రపంచంలోనే అరుదని ఎవరో చెప్పగా, స్వయంగా చూడటానికి ఆయన కెమెరాలతో వచ్చారు. ఆయన తలుపు తోసేసరికి క్లాసు జోరుగా సాగుతోంది. మంత్రిగారు ఆంజనేయులు భుజం మీద ఆప్యాయంగా చెయ్యి వేశారు.

"పెద్దాయనా, నిజం చెప్పు, ఫికర్ చెయ్యకు. మేడమ్ ఎట్ల చెప్తున్నది?"

ఆంజనేయులు లేచి, చేతులు కట్టుకుని నిలబడ్డారు.

"శానా శ్రద్ధగా వింటాది సార్."

మంత్రిగారి ముఖం వెలిగిపోయింది. "ఇన్నవా రవికిరణ్? రాష్ట్రంల ఉన్న లెక్చరర్లందరినీ బ్యాచులు బ్యాచులుగ ఈడికి తోలు. మేడమ్ దగ్గర ట్రైనింగ్ తీసుకోవాలె," అన్నారు. రవికిరణ్‌గారు వెంటనే ఉత్తర్వు టైపు చేయించడానికి బయటికి వెళ్లారు.